రైలు ప్రమాదం తర్వాత తమ్ముడు మారిపోయాడు, ఎవరికి చూపించాలి?

విభాగం: ఆరోగ్యం, కుటుంబం

ఆమదాలవలస అక్క

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

2023 అక్టోబర్ 29 ఆదివారం సాయంత్రం కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజర్‌ని వెనక నుంచి రాయగడ పాసింజర్ గుద్దేసిన సంగతి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరూ మరిచిపోరు. 14 మంది పోయారు. మా తమ్ముడు పలాస బండిలో ఉన్నాడు. కాలు విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. డాక్టరు గారు "ఇక నీకేం పర్వాలేదు" అన్నారు.

ఆ మాట కాలి వరకే. మనిషి మునుపటి మనిషి కాదు. విశాఖలో చేస్తున్న ఉద్యోగం మానేశాడు. రైలెక్కడం అటుంచండి, స్టేషన్ రోడ్డు మీదుగా వెళ్ళాల్సి వస్తే ఊరంతా చుట్టి వెళ్తాడు. కుక్కర్ విజిల్ వేస్తే చటుక్కున లేచి నిలబడిపోతాడు, ఒళ్ళంతా చెమటలు. అమ్మ కుక్కర్ తీసి అటక మీద పెట్టేసింది, గంజి వార్చే వండుతోంది. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి వెళ్ళి గేటు దగ్గర కూర్చుంటాడు. స్నేహితులు ఫోన్ చేస్తే తీయడు. చిన్న మాటకే మా మీద విరుచుకుపడతాడు, గంట పోయాక వచ్చి తల దించుకుని కూర్చుంటాడు.

ఆ రోజు గురించి ఒకే ఒక్కసారి నోరు విప్పాడు. బోగీలో పక్కన కూర్చున్న పెద్దాయన ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం విప్పి, "తిను బాబూ" అని గుప్పెడు చేతిలో పోశారట. అంతే, అక్కడితో ఆపేశాడు. అప్పటి నుంచి ఇంట్లోకి వేరుశనక్కాయలు తేనివ్వడు.

అమ్మేమో జడుపు పట్టింది, మంత్రం పెట్టించాలంటోంది. నాన్న, "కాలు బాగయింది కదా, ఇంకేటి? కూర్చుని తినడం అలవాటైపోనాది" అంటారు. వాడు పక్క గదిలో ఉండగానే అంటారు. నాకు ఇద్దరి మాటా సరిగా అనిపించడం లేదు. ఇది జబ్బేనా? జబ్బయితే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? శ్రీకాకుళంలో చూస్తారా, విశాఖ వెళ్ళాలా? ముందసలు వాడితో ఎలా మాట్లాడాలి?

నాగావళి గట్టు

తల్లీ, మంచి పని చేశావు అడిగి. ఈ వేదికలో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు వివరంగా చెబుతారు. ఈలోగా ఒక్కటి చెయ్యి. మీ నాన్నగారిని పక్కకు పిలిచి, ఆ మాట గోడకివతల అనొద్దని మాత్రం అడుగు. వాదన పెట్టుకోవద్దు. కొడుకు కాలు విరిగిన రోజు ఆయన కూడా ఆసుపత్రి వరండాలో నిలబడే ఉంటాడు కదా. ఆయన కోపంలో సగం భయమే.

ఉద్దానం కొబ్బరి

అక్కా, మీ పోస్టు చదువుతుంటే మా నాన్నే కనిపించారు. మాది వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. ఇంట్లో అందరం ఒకే గదిలో మంచం కింద దూరి కూర్చున్నాం. బయట కొబ్బరి చెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఫెళఫెళా విరుగుతున్నాయి. నాన్న ప్రతి చప్పుడుకీ "అది బావి దగ్గర చెట్టు", "అది తాత వేసింది" అని చెబుతూ ఉన్నారు. చప్పుడు వచ్చిన దిక్కును బట్టి ఏ చెట్టు పడిందో ఆయనకు తెలుస్తోంది. తెల్లారాక చూస్తే తోట లేదు. జీడిమామిడి, పనస, కొబ్బరి అన్నీ నేలమట్టం.

తర్వాత మనుషులొచ్చి చెట్లు లెక్కపెట్టుకున్నారు, పరిహారం రాసుకున్నారు. బియ్యం ఇచ్చారు, టార్పాలిన్లు ఇచ్చారు. నిద్ర పడుతోందా అని మాత్రం నాన్నను ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు, ఆ సంగతి ఎవరికీ తోచలేదు. టీవీలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, బట్టలు మూట కట్టేసేవారు. గాలి కాస్త గట్టిగా వీస్తే గుండె పట్టుకుని కూర్చునేవారు. ఈసీజీ రెండు మూడు చోట్ల తీయించాం, గుండెకు ఏమీ లేదన్నారు. తోట వైపు వెళ్ళడమే మానేశారు. మళ్ళీ మొక్కలు వేద్దామంటే, "ఎవడు చూస్తాడు వాటిని" అనేవారు.

చివరికి ఎలా బయటపడిందంటే, మా ప్రాంతంలో కిడ్నీ పరీక్షలు మామూలే కదా, దానికోసం వెళ్ళినప్పుడు బీపీ చూస్తున్న డాక్టరమ్మ "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?" అని అడిగింది. నాన్న సమాధానం చెప్పబోయి ఏడ్చేశారు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఆవిడే మానసిక విభాగానికి చీటీ రాసింది. మందులు వాడారు, కౌన్సెలింగ్‌కి వెళ్ళారు. ఇప్పుడు కొత్త మొక్కలకు ఆయనే నీళ్ళు కడుతున్నారు. తుఫాను హెచ్చరిక వస్తే ఇప్పటికీ కంగారు పడతారు, కాకపోతే ఇప్పుడు ఆ కంగారులో కూడా అన్నం తింటారు.

ఓపీ గది

నేను ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో సైకాలజిస్టుని. మనిషిని చూడకుండా జబ్బు పేరు పెట్టకూడదు, కాబట్టి ఇది పరీక్షకు బదులు అనుకోవద్దు. కానీ అక్కగారు రాసినవన్నీ మాకు బాగా తెలిసిన లక్షణాలే.

ప్రాణం మీదికి వచ్చిన ఘటన తర్వాత మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, అదే దృశ్యం కళ్ళ ముందు ఆడటం దాదాపు అందరికీ ఉంటాయి. అది జబ్బు కాదు. చాలామందికి ఇంటివాళ్ళ అండతో, రోజువారీ పనులతో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకుండా, ఉద్యోగాన్నీ ఇంటినీ దెబ్బతీస్తుంటే అప్పుడు పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన తర్వాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి జబ్బు, ఉందేమో చూస్తాం. మేము చూసేవి నాలుగు. ఆ ఘటన కలల్లోనో మెలకువలోనో మళ్ళీ మళ్ళీ రావడం. దాన్ని గుర్తుచేసేవన్నీ తప్పించుకు తిరగడం, అంటే స్టేషన్ రోడ్డు, వేరుశనక్కాయలు. మనసు మొద్దుబారడం, మనుషులకు దూరమవడం, తప్పు తనదేనన్నట్టు అనిపించడం. శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం, అంటే కుక్కర్ విజిల్, అర్ధరాత్రి గేటు, ఆ కోపం.

ఇలా ఎందుకవుతుందో నేను ఇంటివాళ్ళకు చెప్పే పద్ధతి ఇది. ఇంట్లో కాపలా కుక్క ఉందనుకోండి. ఒక రాత్రి దొంగలు పడ్డారు. ఆ తర్వాత ఆ కుక్క పాలవాడు వచ్చినా, ఆకు కదిలినా మొరుగుతూనే ఉంటుంది. కుక్క చెడిపోలేదు, దాని పని అది మరీ ఎక్కువగా చేస్తోంది. మన మెదడులో ఆ పని చేసే భాగం అమిగ్డాలా. "ఇది పాత సంగతి, ఇప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావు" అని కాలాన్నీ చోటునూ సరిచూసి చెప్పాల్సిన భాగాలు అంత భయంలో తమ పని సరిగా చేయలేవు. అందుకే ఆ జ్ఞాపకం పాతబడదు. విజిల్ వినగానే శరీరం మళ్ళీ ఆ బోగీలోకి వెళ్ళిపోతుంది. "మరిచిపో" అంటే మరిచిపోలేకపోవడానికి కారణం ఇదే.

దీనికి మంచి వైద్యం ఉంది. ఏళ్ళు గడిచాక మొదలుపెట్టినా పనిచేస్తుంది. మొదటిది మాటల వైద్యం, ఆ ఘటన మీదే దృష్టి పెట్టి చేసే సీబీటీ, అంటే ఆలోచనల తీరునూ నడవడికనూ మెల్లగా మార్చే పద్ధతి. సాధారణంగా వారానికొకసారి చొప్పున 8 నుంచి 16 సార్లు కూర్చోవాల్సి వస్తుంది. కళ్ళను ఇటూ అటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉంది, అది శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గరే చేయించుకోవాలి. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు సైకియాట్రిస్టు రాస్తారు. వాటి గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని పనిచేయలేదని పారేసేవాళ్ళే మాకు ఎక్కువ కనబడతారు.

మొదటి అడుగుకు విశాఖ దాకా వెళ్ళక్కర్లేదు. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, అదే మనందరం రిమ్స్ అంటామే, అక్కడ మానసిక విభాగం ఓపీలో చూపించండి. విజయనగరం వైపు వాళ్ళకు మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద అవసరం వస్తే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇవాళే మాట్లాడాలంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి, తమ్ముడి సంగతి చెప్పి సలహా అడగొచ్చు.

రాజాం కిరాణా

అందరూ మందులంటున్నారు. నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మగపిల్లాడు, ఇంట్లో కూర్చోబెడితే ఇంకా కుంగిపోతాడు. ఒకరోజు పట్టుకెళ్ళి రైలెక్కించేయండి. ఒక్కసారి భయం పోతే పోయినట్టే. మా కాలంలో ఈతలు అలాగే నేర్చుకున్నాం, బావిలో తోసేవారు.

మాజీ జవాన్ (కోటబొమ్మాళి)

రాజాం అన్నగారూ, మీరు మంచి మనసుతోనే అన్నారని తెలుసు. కానీ దయచేసి ఆ పని చేయించకండి.

నేను సైన్యంలో పనిచేసి వచ్చినవాణ్ణి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంటికొకడు ఫౌజుకు వెళ్ళిన ఊళ్ళున్నాయి, ధైర్యం అంటే ఏంటో ఈ జిల్లాకు ఒకరు నేర్పక్కర్లేదు. నాతో పనిచేసిన వాళ్ళలో అందరికంటే ముందు నడిచినవాడు ఒకడున్నాడు. ఇంటికొచ్చాక దీపావళికి టపాసులు కాలుస్తుంటే మంచం కిందకు దూరాడు. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు తర్వాత వాడు మూడేళ్ళు దీపావళికి ఊళ్ళో లేడు. వాడికి ధైర్యం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. వణికిపోతున్నవాళ్ళను పిరికివాళ్ళని కూడా అన్నారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులు పడ్డ బాధ చూశాక, 1980లో అక్కడి మానసిక వైద్యులు వాడే జబ్బుల జాబితాలోకి పీటీఎస్‌డీ అన్న పేరు ఎక్కింది. సైనికులకు వచ్చిందని ఒప్పుకోవడానికే అన్నేళ్ళు పట్టింది. బోగీలో కూర్చుని వేరుశనక్కాయలు తింటున్న కుర్రాడికి రాకూడదని ఎలా అంటాం?

ఓపీ గది

జవాన్ గారికి నా నమస్కారం. రాజాం అన్నగారి మాటలో ఒక నిజం ఉంది. భయపడ్డ చోటుకు మళ్ళీ వెళ్ళడం వైద్యంలో భాగమే. తేడా అంతా ఎవరు నిర్ణయిస్తారన్న దాంట్లో ఉంది. తోసేస్తే ఆ రోజు జరిగిందే మళ్ళీ జరిగినట్టు, తన చేతిలో ఏమీ లేనట్టు అవుతుంది. భయం తగ్గకపోగా మిమ్మల్ని నమ్మడం కూడా మానేస్తాడు.

మేము ఎలా చేస్తామంటే, రోగితోనే ఒక వరస రాయిస్తాం. అన్నిటికంటే తక్కువ భయం కింద, ఎక్కువ భయం పైన. ఇతనికైతే మొదట ఫోన్లో రైలు కూత చిన్నగా వినడం కావచ్చు. తర్వాత శ్రీకాకుళం రోడ్ స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర కూర్చోవడం. ఆ తర్వాత ప్లాట్‌ఫారం మీద కూర్చుని రెండు బళ్ళు వెళ్ళేదాకా చూడటం, ఎక్కకుండా. అది తేలికయ్యాక నమ్మకమైన మనిషిని తోడు పెట్టుకుని పక్క స్టేషన్ దూసి దాకా. ప్రతి మెట్టు దగ్గరా భయం పెరుగుతుంది, కాసేపు అక్కడే ఉంటే తగ్గుతుంది. అది తగ్గడం శరీరం స్వయంగా చూడాలి. చెబితే నమ్మదు. ఇదంతా థెరపిస్టు సాయంతో చేయాలి, ఇంట్లో ఎవరికి వారు మొదలుపెట్టకండి.

పొందూరు మగ్గం

అమ్మ మంత్రం పెట్టిస్తానంటే అందరూ తప్పన్నట్టు ఊరుకున్నారు. మా ఊళ్ళో పిల్లలు జడుసుకుంటే ఇప్పటికీ పెట్టిస్తాం. నిమ్మళిస్తారు కూడా. పెద్దావిడ నమ్మకాన్ని తీసిపారేస్తే ఆవిడ డాక్టరు దగ్గరికి రానివ్వదు. అది కూడా ఆలోచించండి.

ఓపీ గది

నిజమే అమ్మా. అమ్మ చేత్తో విభూతి పెట్టించుకోవడం, తాయెత్తు కట్టించుకోవడం, పైడితల్లమ్మకు మొక్కుకోవడం, వీటికి మేమెప్పుడూ అడ్డు చెప్పం. తనకోసం ఇంతమంది ఆరాటపడుతున్నారని తెలియడం కూడా బలమే. కొట్టడం, పొగ పెట్టడం, పస్తులుంచడం, కట్టేయడం ఉంటే మాత్రం ఒక్క క్షణం కూడా ఉండనివ్వకండి. ఈ మంత్రమయ్యే దాకా డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని ఎవరైనా అంటే ఆ మాట వినకండి.

ఆమదాలవలస అక్క

ఇంతమంది ఇలా రాస్తారని అనుకోలేదు. ఉద్దానం తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నిన్న 14416కి చేశాను. అవతల అమ్మాయి ఓపికగా విన్నది. వాడు చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా అని సూటిగా అడిగింది. నాకు గుండె జారింది. "ఆ పెద్దాయన బదులు నేను పోయినా బాగుండేది" అని ఒకసారి అన్నాడు, అది చెప్పాను. ఇలాంటివి వాడిని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు అవుతుందేమోనని భయం. అలాగే నాన్న మూడు మాటలు అడుగుతున్నారు. ఎంత ఖర్చవుతుంది? రికార్డుల్లో ఎక్కితే రేపు ఉద్యోగానికి, పెళ్ళి సంబంధానికి అడ్డం కదా? షాకులిస్తారట కదా?

ఓపీ గది

అడిగితే ఆలోచన పెట్టినట్టు కాదు. నేను మీకు హామీగా చెప్పగలిగిన విషయం ఇది. అడిగితే బరువు దిగుతుంది, పైగా మనకు ప్రమాదం ఎంతుందో తెలుస్తుంది. నెమ్మదిగా, తిన్నగా అడగండి: "ప్రాణం తీసుకోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?" అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యం చేయొద్దు, 112కు ఫోన్ చేయండి. పొలం ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి వేరేవాళ్ళ దగ్గర తాళం వేసి పెట్టండి. అవునన్నా కాదన్నా ఈ ఒక్క పని ఇవాళే చేయండి.

అతను అన్న మాటలో ఇంకో సంగతుంది. పక్కవాళ్ళు పోయి తాము మిగిలినవాళ్ళకు ఆ మిగలడమే తప్పనిపిస్తుంది. "నీ తప్పేముందిరా" అని కొట్టిపారేయకండి. ఆ పెద్దాయన గురించి చెప్పాలనిపిస్తే చెప్పనివ్వండి. చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగకండి. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారికే మొత్తం చెప్పించడం ఒకప్పుడు మంచిదనుకునేవారు, దానివల్ల మేలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇప్పుడు అది వద్దంటోంది. ముందు కావాల్సింది నిద్ర, తిండి, పక్కన మనిషి.

ఖర్చు సంగతి: ప్రభుత్వ ఆసుపత్రిలో చూడటానికీ, అక్కడిచ్చే మందులకూ డబ్బులు తీసుకోరు. రానూపోనూ చార్జీలే. షాక్ అన్నది ఈ జబ్బుకు ఇచ్చే వైద్యమే కాదు. మిగతావి వకీలు గారు ఎవరైనా చెబితే మంచిది.

గంటస్తంభం వకీలు

చెబుతాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. నాన్నగారికి ఇలా చెప్పండి.

రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రి మీద ఉంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళో, ఉద్యోగమిచ్చేవాళ్ళో అడిగితే ఇచ్చేయడానికి లేదు. ఒకప్పుడు వైద్యం తీసుకున్నంత మాత్రాన మనిషికి మానసిక జబ్బుందని ముద్ర వేయకూడదని చట్టంలోనే రాసి ఉంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా ఉంది, పాలసీ ఉంటే తీసి చూసుకోండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అది కాదని రుజువైతే తప్ప కేసు పెట్టి శిక్షించకూడదు. షాక్ అంటారా, మత్తు ఇవ్వకుండా అది చేయడం నిషేధం. గొలుసులతో కట్టేయడం కూడా నిషేధమే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మంటల్లో పోయారు. తప్పించుకునే దారే లేకపోయింది. కట్టేయడం గురించి ఓపీ గది వారు అంత గట్టిగా ఎందుకన్నారో దీన్ని బట్టి తెలుస్తుంది.

పెళ్ళి మాటకొస్తే, అది చట్టం తీర్చేది కాదు. వైద్యం చేయించుకుని నిద్రపోతున్న కుర్రాడికి పిల్లనివ్వడం మేలా, గేటు దగ్గర కూర్చునే కుర్రాడికి ఇవ్వడం మేలా అని నాన్నగారినే అడగండి.

బొబ్బిలి నుంచి (పేరు వద్దు)

నేను రాయొచ్చో లేదో తెలియదు. నాది ఒక్కరోజు జరిగిన ప్రమాదం కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏళ్ళ తరబడి.

నిర్వాహకులు

తప్పకుండా రాయండి అమ్మా. ఊరు, మనుషులు గుర్తుపట్టేలా వివరాలు మాత్రం వద్దు. ఈమె రాసిన దాని మీద ప్రశ్నలు వేయకండని సభ్యులకు మనవి.

బొబ్బిలి నుంచి (పేరు వద్దు)

సరేనండి. ఇప్పుడు ఆ ఇంట్లో లేను. బయటికొచ్చాక అంతా బాగుంటుందనుకున్నాను. బయటికొచ్చాకే మొదలైంది. బండి శబ్దం వింటే, వాకిట్లో చెప్పుల చప్పుడు వింటే కాళ్ళు చల్లబడేవి. ఎవరైనా ప్రేమగా మాట్లాడినా నమ్మలేను. నేను పనికిరానిదాన్ని, అందుకే అలా జరిగిందని లోపల ఒక గొంతు వదలదు. కొన్నిసార్లు కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎంతసేపు అలా ఉండిపోయానో కూడా తెలిసేది కాదు.

మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపారు, అక్కడి నుంచి కౌన్సెలింగ్. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను జరిగింది ఒక్క ముక్క చెప్పలేదు. జాకెట్టు కుట్టడం గురించే మాట్లాడాను. చంక దగ్గర గుడ్డ ఎలా తిప్పాలి, హుక్కుల పట్టీ ఎలా వేయాలి, అవే. ఆవిడ గడియారం చూడలేదు. "ఇవాళ్టికి ఇది చాలు, వచ్చేసారి కూడా దీని గురించే చెప్పొచ్చు" అంది. అందుకే మళ్ళీ వెళ్ళాను. చాలా రోజులకు గానీ అసలు సంగతికి రాలేదు. ముందు భయం వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పింది. కాళ్ళు నేలకు ఆనించి, కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం, తాకగలిగే నాలుగు, వినబడే మూడు, వాసన వచ్చే రెండు, నోటికి తగిలే రుచి ఒకటి. ఇదేంటి చిన్నపిల్లల ఆటలా ఉందనుకున్నాను. కానీ మిషన్, కత్తెర, దారపుకండె అని పైకి అంటుంటే నేను ఈ గదిలోనే ఉన్నానని తెలుస్తుంది.

ఆమదాలవలస అక్కా, మీ తమ్ముడు మొదటి రోజు డాక్టరుతో ఏమీ మాట్లాడకపోతే వ్యర్థమైందనుకోకండి.

ఓపీ గది

మీరు రాసింది మా విద్యార్థులకు చదివి వినిపించదగ్గది. ఏళ్ళ తరబడి, తప్పించుకోలేని చోట, నమ్మినవాళ్ళ చేతిలో జరిగినప్పుడు భయంతో పాటు తన మీద తనకున్న అభిప్రాయం, మనుషుల మీద నమ్మకం కూడా దెబ్బతింటాయి. దీన్ని సంక్లిష్ట పీటీఎస్‌డీ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో వేరుగా గుర్తించింది. వైద్యం ఎక్కువ కాలం పడుతుంది, మొదట భద్రత, తర్వాతే జ్ఞాపకాలు. మీకు కుదిరింది సరిగ్గా అదే.

పాలకొండ పంతులమ్మ

పిల్లల సంగతి కూడా ఒక మాట. పిల్లలు "నాకు భయంగా ఉంది" అని చెప్పరు. హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2014లో, నా తరగతిలో రెండో తరగతి పిల్లాడు మాట్లాడటం తగ్గించేశాడు. రోజూ పలక మీద ఇల్లు గీసేవాడు, గీసి దాని మీద గీతలు గీతలుగా కొట్టేసేవాడు. అప్పటికి మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందని తల్లి చెప్పింది, కొట్టానని కూడా చెప్పింది. కొట్టొద్దని బతిమాలాను. బడి రోజూ అదే వేళకు తెరవడం, మధ్యాహ్నం అదే చోట కూర్చుని భోజనం, అదే పాట, ఇవే పిల్లల్ని చాలామందిని నిలబెట్టాయి. వారాలు గడిచినా తగ్గనివాళ్ళను మాత్రం డాక్టరుకు చూపించాలి. పిల్లలకు ఆపద అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇంకొకటి. 2018 చివర్లో మన తీరం నుంచి గుజరాత్ వెళ్ళి చేపల వేటలో పాకిస్తాన్ వాళ్ళకు చిక్కిన మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలై వచ్చారు. పూలదండలు వేశాం, ఫోటోలు తీశాం. ఆ తర్వాత వాళ్ళెలా నిద్రపోతున్నారు, అన్నాళ్ళు ఎదురుచూసిన భార్యాపిల్లలెలా ఉన్నారు అని అడిగే మనిషి పంచాయతీకొకరు ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. తుఫాను షెల్టర్లు కట్టుకున్నాం, బాగుంది. ఆశా కార్యకర్త బీపీ అడిగినట్టే నిద్ర సంగతి కూడా అడిగితే ఉద్దానం తమ్ముడి నాన్నగారిలాంటివాళ్ళు ఎంతమంది ముందే దొరుకుతారో.

చీపురుపల్లి మెడికల్స్

మందుల షాపు నడుపుతాను, అందుకే చెబుతున్నాను. నిద్ర పట్టడం లేదని ఆల్‌ప్రాజోలం అడుగుతూ రోజూ వస్తారు. చీటీ లేకుండా ఇవ్వనంటే కోపం. ఊళ్ళో ఎవరో వైద్యుడు ఇచ్చాడని తెచ్చుకుని నెలల తరబడి వాడినవాళ్ళను చూశాను. మొదట ఒకటి, తర్వాత రెండు, చివరికి అది లేకపోతే చేతులు వణుకు. దయచేసి తమ్ముడికి అలా తెప్పించి ఇవ్వకండి.

ఓపీ గది

చాలా ముఖ్యమైన మాట. ఆ మాత్రలు పీటీఎస్‌డీని నయం చేయవు, అలవాటు మాత్రం చేస్తాయి. మద్యం తాగితే నిద్ర పడుతుందనుకోవడం కూడా ఇంతే. మొదటి జాములో పడుకోబెడుతుంది, తెల్లవారుజామున పీడకలలతో లేపుతుంది.

ఆమదాలవలస అక్క

వెళ్ళొచ్చాం. అందుకే ఇన్ని రోజులు రాయలేదు.

వాడితో ఎలా మొదలుపెట్టానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. "నీకు జబ్బుంది, పద" అనలేదు. రాత్రి గేటు దగ్గర కూర్చుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. "నిద్ర పట్టక నీకెంత కష్టంగా ఉందో చూస్తున్నాను. నిద్ర కోసం ఒకసారి డాక్టరును కలుద్దామా, నచ్చకపోతే రెండోసారి వద్దు" అన్నాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న, "ఏ బస్సుకు వెళ్దాం?" అని వాడే అడిగాడు. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అని కూడా అడిగాను. అప్పుడప్పుడు పోతే బాగుండనిపిస్తుంది గానీ ఎలా అని ఆలోచించలేదన్నాడు. డాక్టరుకు కూడా అదే చెప్పాడు. పురుగుమందు డబ్బాలు చిన్నాన్న గారింటికి చేర్చాం.

నాన్న వస్తానంటారని అనుకోలేదు, వచ్చారు. వకీలు గారి మాటలు ఫోన్లో చదివి వినిపించాను. డాక్టరు గారు తమ్ముడితో విడిగా మాట్లాడాక మమ్మల్ని పిలిచి, "వీడు బద్ధకంతో కూర్చోలేదు, రోజంతా పోరాడుతున్నాడు, అందుకే అలసిపోయాడు" అన్నారు. నాన్న నేల చూపులు చూస్తూ ఉండిపోయారు. బస్సులో కిటికీ పక్క సీటు వాడికి వదిలి, తను ఇవతల కూర్చున్నారు. వాడికి అటువైపు ఎవరూ లేకపోతే నిమ్మళంగా ఉంటుందని ఆయన ఎప్పుడు గమనించారో మరి.

మందు మొదలైంది, వారానికోసారి సైకాలజిస్టు దగ్గరికి రమ్మన్నారు. మాత్ర వేసుకున్నాక కడుపులో తిప్పుతున్నట్టుందంటున్నాడు, ఆపేద్దామా అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

ఓపీ గది

ఆపొద్దు. మొదటి రెండు వారాలు కొందరికి వికారం, తలనొప్పి ఉంటాయి, సాధారణంగా తగ్గిపోతాయి. ఖాళీ కడుపున వేసుకుంటుంటే తిన్నాక వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. కంగారు ఎక్కువైనా, చావు ఆలోచనలు పెరిగినా వచ్చే వారం దాకా ఆగకుండా వెంటనే రండి. బాగుందనిపించాక కూడా తనంతట తాను మానకూడదు, ఎప్పుడు ఎలా తగ్గించాలో డాక్టరు చెబుతారు.

ఇంకో మాట. ఇన్ని రాత్రులు మీరూ నిద్రపోలేదు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు మీ గురించి కూడా పది నిమిషాలు అడిగి తీసుకోండి.

ఉద్దానం కొబ్బరి

అక్కా, మీ నాన్నగారు మాట్లాడటానికి ఇష్టపడితే మా నాన్న నంబరు మీకు విడిగా పంపుతాను. నిన్న అడిగాను, "ఎప్పుడైనా చేయమను, సాయంత్రం నీళ్ళు కట్టేసి ఖాళీగానే ఉంటాను" అన్నారు.

ఆమదాలవలస అక్క

పంపండి తమ్ముడూ. ఆదివారం చేయిస్తాను.